ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి కొనేముందు పిడిలోపల ఏముందో చూడండి

అడవిలో శిబిరానికైనా, యూనిఫాం బెల్టుకైనా మడతపెట్టని కత్తి కొనేవాళ్లు ముందు అడిగేది ఉక్కు పేరు, తర్వాత మందం. రెండూ అవసరమే. కానీ కత్తి సగానికి విరిగిందంటే చాలాసార్లు ఆ విరుగు అలుగు మధ్యలో ఉండదు, అలుగు పిడిలోకి దిగే చోట ఉంటుంది. పిడిలోపలికి వెళ్లే ఉక్కును ట్యాంగ్ అంటారు. అది పిడి చివరిదాకా, వెడల్పు పెద్దగా తగ్గకుండా వెళితే ఫుల్ ట్యాంగ్. సన్నటి కడ్డీలా వెళితే బరువు తగ్గుతుంది, బలమూ తగ్గుతుంది. అలుగు, ట్యాంగ్ కలిసే మూల గుండ్రంగా ఉందా, లంబకోణంలో చెక్కినట్టు ఉందా అన్నది ఇంకా ముఖ్యం. పదునైన మూల దగ్గర ఒత్తిడంతా ఒకే గీత మీద పడి పగులు అక్కడే మొదలవుతుంది.

ఈ లెక్కన మూడు కత్తులు చూద్దాం.

మోరా గార్‌బెర్గ్: అలుగు 109 మిల్లీమీటర్లు, మందం 3.2, ఉక్కు 14సీ28ఎన్ అనే స్టెయిన్‌లెస్. ట్యాంగ్ పిడి వెనక బయటికి కనిపిస్తుంది, అనుమానానికి తావు లేదు. వెన్ను అంచు లంబంగా సానబట్టి ఉంటుంది కాబట్టి ఫెర్రో రాడ్ (గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ) మీద గీస్తే నిప్పురవ్వలు ధారగా రాలుతాయి. వాదర జోలికి వెళ్లక్కర్లేదు. కొయ్య చెక్కడంలో ఈ మూడింటిలో ఇదే ముందుంటుంది. దీని స్కాండీ వాదర (రెండు పక్కలా ఒక్కొక్కటే ఏటవాలుతో నేరుగా అంచుదాకా సానబట్టినది) సన్నగా ఉండటమే అందుకు కారణం, లోపమూ అక్కడే. ఎముక మీదో గట్టి ముడి మీదో పక్కకు తిప్పితే ఆ సన్నటి అంచు మడతపడుతుంది, లేదా చిన్న చిన్న పళ్లుగా ఊడుతుంది. మందు సులువే: మామూలుగా సానబట్టాక కోణం కాస్త పెంచి, ఒక్కోవైపు మూడు నాలుగు సార్లు తేలిగ్గా లాగితే అంచు నిలబడుతుంది.

ఈఎస్ఈఈ-4: అలుగు నాలుగున్నర అంగుళాలు, మందం దాదాపు 4.8 మిల్లీమీటర్లు, 1095 కార్బన్ ఉక్కు, గట్టిదనం 55–57 రాక్‌వెల్ (ఉక్కు గట్టిదనం కొలిచే కొలమానం). ఆ అంకె తక్కువని కొందరు పెదవి విరుస్తారు. మోటు పనికి నా ఓటు దానికే. గట్టిదనం పెరిగేకొద్దీ పదును ఎక్కువసేపు నిలుస్తుంది, కానీ ఉక్కు పెళుసవుతుంది. మొండిబారిన వాదరకు రాయి చాలు, విరిగిన మొనకు ఏ రాయీ చాలదు. దీని బలహీనత తుప్పు. పైపూత అలుగును కాపాడుతుంది గానీ వాదర మీద పూత ఉండదు, తడిసిన రాత్రి గడిస్తే తెల్లారేసరికి గోధుమ చుక్కలు కనిపిస్తాయి. వెన్ను మీద పూత గీకితే తప్ప ఫెర్రో రాడ్ సరిగ్గా పలకదు.

కా-బార్: 1942 నుంచి అమెరికా మెరైన్లతో ఉన్న నమూనా. అలుగు 7 అంగుళాలు, పిడి తోలు వాషర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించినది, లోపలి ట్యాంగ్ సన్నం. పొడవైన అలుగు కావాల్సిన పనికి, పెట్టెలు తెరవడానికి, తాళ్లు తెగ్గొట్టడానికి బాగుంటుంది. దుంగలు చీల్చడమే మీ రోజువారీ పనైతే మాత్రం ఇది కాదు. తోలు పదేపదే తడిసి ఆరితే వాషర్లు కుంచించుకుని పిడి వదులవుతుంది.

ఒకటే కొనాలంటే తేమ ప్రాంతాలకు గార్‌బెర్గ్, మోటు వాడకానికి ఈఎస్ఈఈ-4. బోలు పిడిలో సామాను దాచుకునే రకాలు, వెన్ను మీద రంపపు పళ్లున్నవి వదిలేయండి. మొదటిదానిలో ట్యాంగ్ దాదాపు ఉండదు, రెండోది కొయ్యను సరిగ్గా కోయదు, పైగా దుంగ చీల్చేటప్పుడు కర్రతో కొట్టడానికి నున్నటి వెన్ను లేకుండా చేస్తుంది.

చేతికి తీసుకున్నాక మొన నుంచి పిడి వైపు ఒంటి కన్నుతో చూడండి, వాదర వెన్నుకు సరిగ్గా మధ్యలో రావాలి. దీపం కింద వాదరను పైకి పెట్టి తిప్పండి. పదునున్న చోట వెలుగు మెరవదు, తెల్లటి చుక్క మెరిసిందంటే అక్కడ మొండిగా ఉన్నట్టే. తర్వాత ఒర. కింద మెత్తటి గుడ్డ పరిచి, కాళ్లూ చేతులూ దూరంగా పెట్టి, కత్తిని ఒరలో తలకిందులుగా పట్టుకుని ఊపండి. జారితే ఆ ఒర బెల్టు మీదికి పనికిరాదు. పరిగెత్తినప్పుడు చప్పుడు చేసే ఒర కూడా యూనిఫాం పనికి చెడ్డదే. తోలు ఒర నిశ్శబ్దం, కానీ తేమను పట్టి ఉంచుతుంది. కార్బన్ ఉక్కును నెలల తరబడి అందులో ఉంచి దాస్తే తుప్పు ఖాయం.

దుంగ చీల్చేటప్పుడు అవతల మొన కనీసం మూడు సెంటీమీటర్లు బయటికి రావాలి, అంటే గార్‌బెర్గ్‌తో ఏడు సెంటీమీటర్ల దుంగ దాకానే. కర్ర దెబ్బ బయటికొచ్చిన మొన వైపు వెన్ను మీద పడాలి. ఇరుక్కుపోయిందని పిడిని మీటలా కిందికి నొక్కకండి, ట్యాంగ్ మీద పడే అతి పెద్ద బరువు అదే. ఇరుక్కుంటే చీలికలోకి చెక్క మేకు దింపి విడదీయండి.

సాన విషయానికొస్తే, 400 గ్రిట్ రాయితో (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) మొదలుపెట్టి 1000తో ముగిస్తే బయటి పనికి చాలు. స్కాండీ అయితే ఏటవాలు భాగం మొత్తం రాయికి ఆనాలి. మిగతావాటికి 20 డిగ్రీలు పట్టుకోవడం ఇలా: వాదర రాయి మీద ఉండగా, అలుగు వెడల్పులో దాదాపు మూడో వంతు ఎత్తుకు వెన్నును లేపండి. నీళ్లు లేని గ్రైండర్ చక్రం జోలికి వెళ్లొద్దు. వాదర నీలం రంగు తిరిగిందంటే అక్కడి గట్టిదనం పోయినట్టే, ఆ నీలం పోయేదాకా ఉక్కు అరగదీయడం తప్ప దారి లేదు.