వాషింగ్టన్ వీధిలో సిరియన్ల జాడ: రెండు రోజుల నడక, రెండు రకాల బస

న్యూయార్క్‌లోని మాన్‌హట్టన్ దక్షిణపు కొసన ఉన్న వాషింగ్టన్ వీధి 1880ల నుంచి 1940ల దాకా అమెరికాలోని సిరియన్లకు పుట్టింటి వంటిది. ఆ కాలంలో సిరియన్లంటే ఒట్టోమన్ ఏలుబడిలోని విశాల సిరియా నుంచి వచ్చినవారందరూ. నేటి లెబనాన్ కూడా అందులో భాగమే, వలస వచ్చినవారిలో అత్యధికులు క్రైస్తవులు. ఆ వీధిని చూడాలన్న కోరికతో గత అక్టోబరులో నేనూ మా శ్రీమతీ రెండు రోజులు కేటాయించుకున్నాము.

దగ్గరగా ఉంటే బాగుంటుందని మొదటి రాత్రికి అక్కడికి నడిచి వెళ్లగలిగే ఒక హోటల్లో గది తీసుకున్నాము. బుక్ చేసినప్పుడు చూపిన ధర ఒకటి, బిల్లులో పడినది మరొకటి. డెస్టినేషన్ ఫీజు పేరిట 35 డాలర్లు అదనంగా వేసి, దానికి ప్రతిఫలంగా రెండు నీళ్ల సీసాలు ఇచ్చారు. చీకటి పడి ఆఫీసులు మూసేశాక ఆ చుట్టుపక్కల శాకాహారికి తిండి దొరకడం కూడా కష్టమైంది. రెండో రాత్రికి నది దాటి జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్‌కు మారాము. గది చిన్నదే అయినా దిగగానే దోసె దొరికింది, పొద్దున్నే పాత్ (PATH) అనే లోకల్ రైలెక్కితే నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగవచ్చు. మళ్లీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉంటాము.

వాషింగ్టన్ వీధిలో ఇప్పుడు మిగిలినవి పక్కపక్కనే ఉన్న మూడు కట్టడాలు మాత్రమే: 103 నంబరులోని సెయింట్ జార్జ్ చర్చి, దాని పక్కన 1926 నాటి కమ్యూనిటీ హౌస్, ఆపైన 109 నంబరులో ఒక పాత అద్దె ఇళ్ల భవనం. 1940లో మొదలైన బ్రూక్లిన్-బ్యాటరీ సొరంగం పనులు చుట్టుపక్కల ఇళ్లను మింగేశాయి. చర్చి ముఖభాగమంతా తెల్లని టెర్రకోట. తలుపు పైభాగాన గుర్రమెక్కిన సెయింట్ జార్జ్ డ్రాగన్‌ను పొడుస్తున్న రంగుల శిల్పం ఉంది. 2009లో దీన్ని నగర వారసత్వ కట్టడంగా గుర్తించారు. చుట్టూ మెడలు నొప్పెట్టేంత ఎత్తైన భవనాల మధ్య ఇది బొమ్మరిల్లులా కనిపిస్తుంది.

ఇరవై నిమిషాల్లో చూడడం పూర్తవుతుంది. ముందుగా చదువుకోకుండా వెళ్తే మాత్రం ఇక్కడేముందని నిరాశపడతారు. ఓడ దిగిన చోటికి దగ్గర కావడం వల్లే వలసదారులు ఈ వీధిలో స్థిరపడ్డారు. టోకు వర్తకులు సూదులు, దారాలు, లేసులు, జపమాలలు అరువుకిస్తే, కొత్తగా వచ్చినవాడు వాటిని మూటగట్టి ఊరూరా తిరిగి అమ్మి, తిరిగొచ్చి బాకీ తీర్చేవాడు. ఆ మూటను వారు కష్షా అనేవారు. మన పల్లెల్లో బట్టల మూట మోసుకొచ్చి వాయిదాల మీద అమ్మేవారిని ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. 1892లో అమెరికాలో తొలి అరబిక్ పత్రిక కవ్‌కబ్ అమెరికా న్యూయార్క్‌లోనే వెలువడింది. అల్ హుదా అనే మరో అరబిక్ పత్రిక కోసం 1910లో అచ్చు అక్షరాలను పోతపోసే లైనోటైపు యంత్రాన్ని అరబిక్ లిపికి అనువుగా మలిచారు.

భారతీయులుగా మాకు గుచ్చుకున్న సంగతి మరొకటి ఉంది. సిరియన్లు తెల్లజాతివారేనని, కాబట్టి అమెరికా పౌరసత్వానికి అర్హులేనని 1915లో జార్జ్ డౌ అనే సిరియన్ వలసదారు కేసులో అప్పీలు కోర్టు తేల్చింది. 1923లో భారతీయ వలసదారు భగత్ సింగ్ థింద్‌కు అదే హక్కును అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. మరుసటి ఏడాది వచ్చిన వలస చట్టం సిరియన్ల రాకను కూడా దాదాపు ఆపేసింది.

ఒకప్పుడు వలసదారులను తనిఖీ చేసి దేశంలోకి అనుమతించిన ఎల్లిస్ ద్వీపానికి పడవ టికెట్టు ఒక్కటే, దానిలోనే లిబర్టీ విగ్రహమూ కలిసి వస్తుంది. పడవ దగ్గర భద్రతా తనిఖీ వరుస విమానాశ్రయాన్ని తలపిస్తుంది కాబట్టి తొలి పడవకే వెళ్లాలి.

ఆ సమాజపు బతుకును కళ్లారా చూడాలంటే మాత్రం తర్వాత వారిలో చాలామంది తరలివెళ్లిన బ్రూక్లిన్‌లోని అట్లాంటిక్ అవెన్యూకే వెళ్లాలి. దగ్గరలో హెన్రీ వీధిలోని లెబనాన్ మాత కేథడ్రల్ (మారోనైట్ అనే లెబనాన్ క్రైస్తవ శాఖవారిది) తలుపులు ఒకప్పుడు నార్మండీ అనే ఫ్రెంచి ఓడవి. 1942లో ఆ ఓడ న్యూయార్క్ రేవులో కాలిపోయింది. మేము వెళ్లిన వేళ తలుపులు మూసి ఉండటం ఒకందుకు మంచిదే అయింది, లోహపు పలకలపై చెక్కిన బొమ్మలను తీరిగ్గా చూశాము. 1895లో వాషింగ్టన్ వీధిలో పుట్టి 1948లో ఇక్కడికి మారిన సహాదీస్ దుకాణంలో చీటీ మీది నంబరు పిలిచేదాకా నిలబడాలి. ఆ తర్వాత పిస్తా, ఆలివ్ కాయలు, మసాలాలు కావలసినంత తూచి ఇస్తారు. రద్దీ ఎక్కువే, అయినా మా ముందున్న పెద్దాయన నాలుగు రకాల ఆలివ్‌లు రుచి చూసి ఐదోదాన్ని ఎంచుకునేదాకా కౌంటరు కుర్రాడు విసుక్కోలేదు. మేము అరకిలో దాకా జాతర్ అనే అరబ్బు మసాలా పొడి కొన్నాము. ఇంటికొచ్చాక దాన్ని ఇడ్లీతో నంజుకుని చూశాము. ఆలివ్ నూనెతో చక్కగా కుదిరింది, నేతితో మాత్రం కుదరలేదు.