డేట్‌జస్ట్ 16233: నాన్నగారి షష్టిపూర్తికి కొన్న వాచీ

మా నాన్నగారి షష్టిపూర్తికి ఆయన చేతికి ఒక రోలెక్స్ పెట్టాలని ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నాకు ఆశండి. కొత్తది కొనే తాహతు లేదు, అందుకని సెకండ్ హ్యాండ్‌లో ఏడాది పాటు వెతికి వెతికి ఒకాయన దగ్గర తీసుకున్నా, ఆయన పేరూ ఊరూ ఎందుకులెండి. స్టీలూ బంగారం కలిసిన డేట్‌జస్ట్, 36 ఎమ్ఎమ్, షాంపేన్ డయల్. మోడల్ నంబరు 116233 అని చెప్పేడు, ఆ రేటే కట్టేను.

అమలాపురం తెచ్చి చేతిలో పెడితే నాన్నగారు అటూ ఇటూ తిప్పి చూసి, "నంబరు నువ్వు కళ్ళారా చూసేవా, లేకపోతే ఆయన చెప్పిందేనా" అన్నారు. వాచీల సంగతి ఆయనకేం తెలీదు, కానీ నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి. మన డెల్టాలో స్వర్ణ అన్నా 7029 అన్నా ఒకటే కదండీ, కాటన్‌దొర సన్నాలు అంటే 1010, మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చే ఏ రకానికైనా ముందు ఎమ్‌టీయూ, వెనకాల నంబరు. బస్తా మీద ట్యాగు తను చదివితే గానీ నాన్నగారు విత్తనం కొనరు, కొట్టువాడు ఎంత తెలిసినవాడైనా సరే. నేనేమో లక్షలు పోసి కొన్నదానికి ట్యాగే చూడలేదు.

మర్నాడే రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్ళిపోయేను. అక్కడ సందులో ఒక పెద్దాయన ఉన్నారు, నా చిన్నప్పుడు మా ఇంట్లో హెచ్‌ఎమ్‌టీలన్నీ ఆయనే బాగుచేసేవారు. వాచీ చేతిలోకి తీసుకోగానే పక్క నుంచి చూసి "చైన్ పిన్నులకి బయట చిల్లులున్నాయి బాబూ, నువ్వు చెప్పే నంబరు వాచీకి ఇవి ఉండవు" అన్నారు. పిన్నులు నొక్కి చైన్ ఊడదీస్తే 12 అంకె పక్కన చైన్ కింద ఎన్నేళ్ళదో చెమట మురికి, నల్లగా గట్టిపడిపోయింది. బ్రష్‌ని పెట్రోల్లో ముంచి మెల్లిగా రుద్ది, ఆ కంటి అద్దం నాకిచ్చి లైటు ఏటవాలుగా పట్టుకున్నారు. సన్నగా ఐదే అంకెలు. 16233. ముందు ఇంకో ఒకటి లేదు.

ఆ ఒకటికి అంత ఏముందీ అంటే చాలా ఉందండి. డేట్‌జస్ట్ అనే పేరు 1945 నుంచి అదే, కాబట్టి పేరు చెప్తే ఏ కాలంది అన్నది అస్సలు తెలీదు, కథంతా నంబర్లో ఉంటుంది. 1601 అంటే ప్లాస్టిక్ గ్లాసు, తేదీ మార్చాలంటే ముళ్ళని గిర్రున తిప్పుకుంటూ పోవాలి. 16013 వచ్చేసరికి లోపల 3035 అనే మెషీన్, కీ లాగి తేదీ ఒక్కటే మార్చుకోవచ్చు, గ్లాసు మాత్రం ప్లాస్టిక్కే. 16233కి సఫైర్ గ్లాసు, 3135 మెషీన్, కీ పూర్తిగా ఇస్తే 48 గంటలు నడుస్తుంది. 116233లో మెషీన్ అదే, కేసూ చైనూ గట్టిపడ్డాయి. ఇప్పటి 126233కి 3235 మెషీన్, 70 గంటలు. నాది లాంటి ఐదంకెల నంబర్లో ఆఖరి 3 అంటే స్టీలు మీద పసుపు బంగారం, అక్కడ 4 ఉంటే తెల్ల బంగారం బెజెల్, అంటే గ్లాసు చుట్టూ ఉండే రింగు, 0 ఉంటే మొత్తం స్టీలు. దాని ముందున్న 3 ఏమో గాట్లున్న బెజెల్‌కి, నున్నటిదైతే 0.

నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది, పాత నంబర్లో ఒకటో రెండో అంకెలు చేరతాయి, లేదా మారతాయి, చూడగానే ఇది దాని తర్వాతది అని తెలిసిపోతుంది. ఒమేగా స్పీడ్‌మాస్టర్ చూడండి, ఒకప్పుడు 3570.50, ఇప్పుడు 310.30.42.50.01.001. అందులో 42 సైజు, 01 నల్ల డయల్, అన్నీ లెక్కగానే ఉన్నాయి కానీ ఫోన్లో ఒకరికి చెప్పమంటే ఎలా చెప్తామండి. పటెక్ ఫిలిప్ కంపెనీ వాళ్ళ నాటిలస్ వాచీ 3700 నుంచి 5711, అక్కణ్ణుంచి 5811, వెనకాల అక్షరం ఫ్రెంచి మాటకి, ఏ అంటే స్టీలు, జీ అంటే తెల్ల బంగారం. అందంగానే ఉంది, కానీ 3700 తర్వాత 5711 ఎందుకొచ్చిందో అంకెలు చూసి చెప్పలేం.

అమ్మినాయనకి ఫోటో పంపితే రెండు రోజులు వాదించి తేడా డబ్బు వెనక్కి వేసేడు. వాచీ మాత్రం ఉంచేసుకున్నాం. ఈ పాత చైన్లు లోపల డొల్ల, ఏళ్ళు గడిస్తే సాగుతాయి, కొనేవాళ్ళు చేత్తో అడ్డంగా పట్టుకుని ఎంత వేలాడుతోందో చూసుకోండి. అది తప్పితే వంక పెట్టడానికి ఏం లేదు, టైమ్ రోజుకి రెండు మూడు సెకన్లకి మించి తేడా రావట్లేదు, 36 సైజు నాన్నగారి సన్నటి మణికట్టు మీద అమరినట్టు ఉంది, తేదీ మీద ఆ భూతద్దం ఉంది కదా, కళ్ళజోడు లేకుండా చదివేస్తున్నారు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర.

పొలానికి పెట్టుకెళ్ళరు, పెళ్ళిళ్ళకీ గుడికీ పెడతారు. నంబరు మాత్రం తన పొలం పుస్తకంలో రాసుకున్నారు, పై లైన్లో ఈ సార్వాకి వేసిన 7029, దాని కింద 16233.