ఆట రాదు, ఫోటో వచ్చు: క్యాంటన్ నుంచి కార్లైల్ దాకా అయిదు రోజులు

అమెరికన్ ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో మా అబ్బాయి ఇంట్లో టీవీలో చూసిందే. అయిదు సెకన్లు ఆడతారు, అర నిమిషం గుండ్రంగా నిలబడి గుసగుసలాడతారు. ఒక్కడి మీద అంతమంది పడటం ఏమి ఆట అని మా ఆవిడ మొదటి రోజే తేల్చేసింది. అలాంటి మేమిద్దరం ఆ ఆట ఆనవాళ్లు వెదుక్కుంటూ అయిదు రోజులు తిరిగామంటే కారణం పన్నెండేళ్ల మనవడు. వాడి బడికి సెలవులు వచ్చిన అక్టోబరు వారంలో ఒక బేరం కుదిరింది. వాడికి క్యాంటన్‌లో గొప్ప ఆటగాళ్ల పేరిట కట్టిన మ్యూజియం ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, వాళ్ల నానమ్మకు పిట్స్‌బర్గ్ వెంకన్న, నాకు పాత ఫోటోలు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని, ఏ దేశంలోనైనా ముందు గోడల మీది బొమ్మలే చూస్తాను. ఇక డబ్బు కట్టి కారు నడిపిన మా అబ్బాయికి ఏమి దక్కిందో వాణ్నే అడగాలి.

కొలంబస్ నుంచి క్యాంటన్ రెండు గంటల దారి. ఇంత చిన్న ఊళ్లో ఈ మ్యూజియం ఎందుకుందో తెలుసుకుని వెళితే మంచిది. 1920 సెప్టెంబరు 17న రాల్ఫ్ హే అనే కార్ల వ్యాపారి ఇక్కడ తన హప్‌మొబైల్ షోరూములో జట్ల యజమానులను కూర్చోబెట్టి ఒక సంఘం పెట్టించాడు. కుర్చీలు చాలక కొందరు కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చున్నారట. జట్టుకు వంద డాలర్ల రుసుము అని రాసుకున్నారు, ఒక్కరూ కట్టలేదు. రెండేళ్లకు అదే జాతీయ ఫుట్‌బాల్ లీగు, అంటే ఎన్ఎఫ్ఎల్ అయింది. మ్యూజియం 1963లో తెరిచారు. పాత భవనం కప్పు బంతి ఆకారంలో ఉంటుంది, హైవే మీది నుంచే గుర్తుపట్టవచ్చు.

టికెట్టు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి, పార్కింగుకు వేరే పెట్టాలి. ఆగస్టు మొదట్లో కొత్తవాళ్లను చేర్చుకునే ఉత్సవం జరుగుతుంది, ఆ వారం ఊళ్లో గది దొరకడం కష్టం. అక్టోబరులో, అందులోనూ వారం మధ్యలో హాయిగా ఉంది. లోపలికి అడుగు పెట్టగానే పాతకాలపు ఆటగాడు జిమ్ థార్ప్ ఏడడుగుల కంచు విగ్రహం కనిపిస్తుంది. ఆయన సంగతి కార్లైల్‌లో మళ్లీ వస్తుంది. మనవడు తిన్నగా కంచు తలలు వరుసగా పెట్టిన గదికి పరుగెత్తాడు. నాకు ఆ గది పది నిమిషాలకే చాలనిపించింది. నేను ఎక్కువసేపు నిలబడింది ఒక లెక్కల కాగితం ముందు. 1892లో పిట్స్‌బర్గ్ పక్కన అలెఘెనీ క్లబ్బు పుడ్జ్ హెఫెల్‌ఫింగర్ అనే ఆటగాడికి ఒక్క ఆటకు 500 డాలర్లు ఇచ్చినట్టు రాసుకున్న పద్దు అది. డబ్బు తీసుకుని ఆడినట్టు రుజువు దొరికిన మొదటి ఆటగాడు ఆయనేనట. వృత్తి ఆటకు ఆ పద్దే జన్మపత్రం అంటారు.

పాత జట్ల గ్రూప్ ఫోటోలలో నా చేయి తిరిగిన పని కనిపించింది. ముందు వరుస నేల మీద, రెండో వరుస కుర్చీల్లో, మూడో వరుస నిలబడి. నడుమ కూర్చున్న కెప్టెన్ చేతిలో బంతి, దాని మీద తెల్ల రంగుతో సంవత్సరం. మన బళ్లలో పదో తరగతి ఫోటోకు మధ్య పిల్లవాడి చేతికి పలక ఇచ్చి '1974' అని రాయిస్తాం చూడండి, అదే పద్ధతి. తోలు టోపీలు కొందరికి ఉంటాయి, కొందరికి ఉండవు. టోపీ తప్పనిసరి చేసింది 1943లో, అంతకు ముందు తల ఎవరిది వారి పూచీయే.

ఆ గ్రూప్ ఫోటోలను ఏళ్ల వరుసలో చూస్తూ పోతే ఇంకొకటి తెలుస్తుంది. 1933 దాకా అక్కడక్కడ ఒక నల్లజాతి ముఖం ఉంటుంది. ఆక్రన్ జట్టులో ఫ్రిట్జ్ పొలార్డ్, 1933లో పిట్స్‌బర్గ్ జట్టులో రే కెంప్. 1934 నుంచి 1945 దాకా ఒక్క ముఖమూ లేదు. వద్దని కాగితం మీద ఏ నియమమూ లేదు, యజమానులు లోపల్లోపల అనుకుని మానేశారంతే. మళ్లీ 1946లో కెన్నీ వాషింగ్టన్ కనిపిస్తాడు. అదే ఏడు పోటీ లీగులో క్లీవ్‌లాండ్‌కు ఆడిన మారియన్ మాట్లీ ఈ క్యాంటన్‌లోనే పెరిగినవాడు. రాయని నియమం కూడా గ్రూప్ ఫోటోలో పడుతుంది. మనవడికి ఇది చూపిస్తే వాడు ఆట మాట వదిలి చాలాసేపు ముఖాలు లెక్కపెట్టాడు.

ఇక నేను వెళ్లిందే ఒక ఫోటో కోసం. న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు వై.ఏ. టిటిల్ మోకాళ్ల మీద కూలబడి ఉంటాడు. టోపీ ఊడిపోయింది, బట్టతల మీది నుంచి రక్తం రెండు పాయలుగా కారుతోంది, చేతులు తొడల మీద వేలాడుతున్నాయి. 1964 సెప్టెంబరు 20, పిట్స్‌బర్గ్ పిట్ స్టేడియం. టిటిల్‌కు ముప్ఫై ఏడేళ్లు. పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్ ఆటగాడు జాన్ బేకర్ గుద్దిన దెబ్బకు బంతి గాలిలోకి లేచి శత్రువు చేతిలో పడింది, అతను దాన్ని గీత దాటించాడు. జెయింట్స్ 27-24తో ఓడారు. ఆ ఏడాదితో టిటిల్ ఆట మానేశాడు. ఫోటో తీసింది పిట్స్‌బర్గ్ పోస్ట్-గెజెట్‌కు చెందిన మోరిస్ బెర్మన్. మర్నాడు పత్రిక దాన్ని వేయలేదు, ఇందులో ఆట కదలిక లేదన్నాడు ఎడిటరు. తర్వాత బహుమతులు వచ్చి, అమెరికా పత్రికా ఫోటోగ్రాఫర్ల సంఘం తన కార్యాలయంలో రెండో ప్రపంచ యుద్ధంలో ఐవో జీమా దీవి మీద అమెరికా సైనికులు జెండా ఎత్తిన ఫోటో సరసన దీన్ని తగిలించింది. నేనూ కొన్నాళ్లు ఒక పత్రికకు ఫోటోలు పంపినవాణ్నే. 'కదలిక లేదు' అన్న ముక్క ఎన్నిసార్లు విన్నానో! కదలిక ఆగిపోయిన క్షణం కాబట్టే ఇది ఫోటో అయింది. కాస్త కింది నుంచి తీశాడు, వెనక జనం మసకబారారు, మనిషి ఒంటరిగా మిగిలాడు. స్టూడియోలో తెర కట్టి, దీపాలు పెట్టి కూర్చోబెట్టినా ఆ కూర్చోవడం రాదు.

క్యాంటన్‌లో బస గురించి చెప్పుకోదగ్గ మంచి ఏమీ లేదు. హైవే పక్కన ఒక సాధారణ హోటలు. మాకిచ్చిన గది ఐసు యంత్రం గోడకు ఆనుకుని ఉంది, అర్ధరాత్రి దాకా గలగల. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు, బయట పార్కింగులో కార్లేమో నాలుగే. ఉచిత అల్పాహారంలో మన నాలుకకు తగిలేది అరటిపండు ఒక్కటే. తీసుకెళ్లిన గోంగూర పచ్చడి బ్రెడ్డుకు ఎంత బాగుంటుందో ఆ ఉదయం తెలిసింది. సమయముంటే హాల్‌కు దగ్గర్లోనే ఉన్న మెకిన్లీ అధ్యక్షుడి సమాధికి వెళ్లండి. మెట్లు సరిగ్గా 108. మా ఆవిడ పసుపు రాయలేదు గానీ లెక్కపెట్టుకుంటూనే ఎక్కింది.

ఆ రాత్రి నిద్ర పట్టక మనవడు ఫోనులో ఇంకో ఫోటో చూపించాడు. 1960 నవంబరు, యాంకీ స్టేడియం. జెయింట్స్ ఆటగాడు ఫ్రాంక్ గిఫర్డ్ నేల మీద స్పృహ లేకుండా పడి ఉంటే, ఎదుటి జట్టు ఆటగాడు చక్ బెడ్నారిక్ పిడికిలి బిగించి మీద నిలబడి గెంతుతున్నట్టుంటుంది. ఎంత రాక్షసుడు అనుకుంటాం. నేను ఎగిరింది బంతి మా జట్టుకు దొరికిందని, అతను అంతలా దెబ్బతిన్నాడని తెలియదు అని బెడ్నారిక్ చచ్చేదాకా చెప్పుకున్నాడు. "మరి ఫోటో అబద్ధం చెప్పిందా తాతయ్యా?" అన్నాడు వాడు. ఫోటో ఎటు నిలబడి తీశారో అటు నుంచే చెబుతుంది అన్నాను. వాడు అప్పటికే దుప్పటి కప్పుకున్నాడు.

పిట్స్‌బర్గ్ రెండు గంటల లోపే. ఇక్కడ హోటలు కాకుండా వంటగది ఉన్న ఇల్లు రెండు రాత్రులకు తీసుకున్నాం. ప్రకటనలోని ఫోటోలు చూసి మోసపోయానని నేనే చెప్పుకోవలసి వస్తోంది. వెడల్పు లెన్సుతో తీస్తే బాత్రూమూ కల్యాణ మండపంలా కనిపిస్తుంది, ఇది తెలిసినవాణ్ని కూడా పడిపోయాను. వీధి నుంచి గుమ్మానికి ఇరవై తొమ్మిది మెట్లు. చారుకు తాలింపు వేయగానే పొగ గంట మోగి ఇల్లంతా హోరెత్తింది, మా అబ్బాయి కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరాడు. అయినా మోకాళ్లు బాగున్నవాళ్లకు ఈ ఏర్పాటే నయమంటాను. వేడి అన్నం దొరుకుతుంది.

పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వర ఆలయం అమెరికాలో మనవాళ్లు కట్టుకున్న తొలి తరం గుళ్లలో ఒకటి, 1970ల నాటిది. కొండ మీద తెల్లటి గోపురం, చుట్టూ రంగు మారిన ఆకులు. దర్శనం, తర్వాత పులిహోర, పెరుగన్నం. శని, ఆదివారాల్లో పార్కింగు కష్టమని అక్కడివాళ్లే చెప్పారు, మేము గురువారం వెళ్లాం. ఊరి నుంచి అటు వెళ్లే సొరంగం దగ్గర సాయంత్రం వాహనాలు బారులు తీరుతాయి, ఉదయమే బయలుదేరండి.

హైంజ్ హిస్టరీ సెంటర్ మాత్రం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది. పాత ఐసు కంపెనీ గోదాము అది, ఎర్ర ఇటుక, లావు దూలాలు. అందులోనే పశ్చిమ పెన్సిల్వేనియా క్రీడల మ్యూజియం ఉంది. 1972 డిసెంబరు 23న స్టీలర్స్ ఆటగాడు ఫ్రాంకో హారిస్ వేసుకున్న బూట్లు అక్కడున్నాయి. ఓడిపోయే ఆటలో చివరి క్షణాల్లో, ఎవరికో తగిలి వెనక్కి ఎగిరిన బంతిని నేలకు ఆనేలోపు అందుకుని పరుగెత్తి గెలిపించాడు. బంతి తగిలింది సొంత జట్టువాడికా ఎదుటివాడికా అన్నదానిమీద అప్పటి నియమం ప్రకారం ఆ పరుగు చెల్లడం, చెల్లకపోవడం ఆధారపడింది. ఫోటోలున్నాయి, టీవీ ఫిల్ము ఉంది, యాభై ఏళ్లు దాటినా తేలలేదు. ఆ ఆట జరిగిన స్టేడియం 2001లో కూల్చేశారు, హారిస్ బంతి అందుకున్న చోట కాలిబాట మీద గుర్తు పెట్టారు. చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

నాకేమో టిటిల్ కూలబడిన చోటు చూడాలని. పిట్ స్టేడియమూ లేదు, ఆ స్థలంలో విశ్వవిద్యాలయం వాళ్ల బాస్కెట్‌బాల్ ప్రాంగణం లేచింది. దారి నిట్టనిలువు ఎత్తు, విద్యార్థులే దాన్ని గుండెపోటు కొండ అంటారట. ఎక్కి చూస్తే గాజు గోడలు. మీరు ఎక్కకండి. ఆ ఓపిక దగ్గర్లోని కార్నెగీ ఆర్ట్ మ్యూజియంలో ఖర్చు పెట్టండి. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లజాతి పత్రికకు పనిచేసిన టీనీ హారిస్ నెగటివ్‌లు దాదాపు 80,000 వాళ్ల దగ్గరున్నాయి. పెళ్లిళ్లు, పేటలు, ఆటగాళ్లు, అన్నీ. ఒక్క క్లిక్కుతో సరిపెట్టుకుంటాడని ఊరి మేయరు ఆయనకు 'వన్ షాట్' అని పేరు పెట్టాడు. ఫిల్ము ధర తెలిసినవాడికి ఆ పేరు విలువ తెలుస్తుంది.

ఒక ఫిర్యాదు ఉంది, ఏ మ్యూజియమో చెప్పను. అద్భుతమైన ఫోటోల కింద ఆటగాడి పేరు, తేదీ, స్కోరు అన్నీ రాశారు, తీసినవాడి పేరు లేదు. పైగా దీపం గాజు మీద పడి సగం బొమ్మలో నా మొహమే కనిపించింది. దుకాణంలో చొక్కాలు, కప్పులు బోలెడు, ఒక్క మంచి ప్రింటు లేదు.

చివరి మజిలీ కార్లైల్, మూడు గంటలకు పైగా టర్న్‌పైక్ మీద. ఆ రోడ్డు మీద టోలు కోసం ఆగే పని లేదు, కారు నంబరును కెమెరా ఫోటో తీసి ఇంటికి బిల్లు పంపుతుంది. మా వృత్తి ఇంకా బతికే ఉందన్నమాట. రాత్రి బస హైవే దగ్గర చవక మోటెలు. గది శుభ్రం, మనుషులు మంచివాళ్లు, తెల్లవార్లూ లారీల హోరు. ఊరి నడుమ ఏదైనా దొరికితే అదే తీసుకోండి.

1879 నుంచి 1918 దాకా ఇక్కడ అమెరికా ఆదివాసీ పిల్లల బడి నడిచింది. వేల మైళ్ల నుంచి పిల్లలను తెచ్చి, జుట్టు కత్తిరించి, భాష మాన్పించిన బడి. దాని జట్టే 1911లో హార్వర్డ్‌ను 18-15తో, 1912లో సైన్యం జట్టును 27-6తో ఓడించింది. ఆ సైన్యం జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఉన్నాడు, ఈ జట్టులో జిమ్ థార్ప్. నార్త్ పిట్ వీధిలోని జిల్లా చరిత్ర సంఘంలో ఆ బడి ఫోటోలున్నాయి. చిన్న మ్యూజియం, జనం లేరు, తొందరపెట్టేవారు లేరు. వేళలు చూసుకుని వెళ్లండి.

అక్కడ రెండు రకాల ఫోటోలు చూశాను. ఊరి స్టూడియో యజమాని జాన్ చోట్ తీసిన జతలు ఒక రకం. పిల్లవాడు వచ్చిన రోజు ఒకటి, 'బాగుపడ్డాక' ఒకటి. టామ్ టొర్లీనో అనే నవాహో యువకుడి జత అందులో పేరు పడ్డది. మొదటిదానిలో పొడవు జుట్టు, చెవిపోగులు, నల్లటి ముఖం. మూడేళ్ల తర్వాత కోటు, పాపిడి, ముఖం తెల్లబడింది. మూడేళ్ల చదువుకు చర్మం రంగు మారదు, దీపం మార్చారు. పెళ్లిచూపుల ఫోటోలకు ఎదురుగా వెలుగు పెట్టి, టచింగ్ చేసి ఎంతమంది అమ్మాయిలను నేనూ అలా తెల్లబరిచానో! ఆ జత ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

రెండో రకం జట్టు గ్రూప్ ఫోటోలు. అదే బడి, అలాంటి పిల్లలే. కాళ్లు చాపుకుని, భుజాలు ఆనించుకుని, కెమెరాను తిన్నగా చూస్తున్నారు. ఎవరూ ఎవరినీ సరిచేసినట్టు లేదు. బడి శ్మశానంలో 180కి పైగా పిల్లల సమాధులు ఉండేవి, 2017 నుంచి కొందరి అవశేషాలను వారి తెగలకు అప్పగిస్తున్నారు. అది సైనిక స్థావరం లోపల ఉంది, గుర్తింపు కార్డు, అనుమతి కావాలి. మేము ముందు అడగలేదు, కంచె బయటి నుంచే వెనుదిరిగాం.

జట్టు ఫోటో ప్రతి కావాలని అడిగితే ఒక దరఖాస్తు ఇచ్చారు. రుసుము ఉంటుంది, కొన్ని వారాలు పడుతుంది. ఎందుకు వాడతారు అని ఒక గడి ఉంది. మనవడు నా తరఫున ఇంగ్లీషులో రాశాడు: 'తాతయ్య స్టూడియో గోడకు.' స్టూడియో మూసి ఆరేళ్లయిందని వాడికి చెప్పలేదు.