జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యం ఓపీ: మా అత్తమ్మను తీసుకెళ్లాక

పాలమూరు వైపు పల్లెల్లో ఉండేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లు నెలల తరబడి నిద్ర లేదు, గుండె దడ, ఒళ్లంతా తిమ్మిర్లు అంటున్నారా? పరీక్షలన్నీ నార్మల్ అని వస్తున్నాయా? అయితే జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి ఒకసారి తీసుకెళ్లండి. వైద్యం బాగుంది, డబ్బు తీసుకోరు. కష్టమంతా అక్కడిదాకా చేరుకోవడంలో, మందులు మధ్యలో ఆగకుండా చూసుకోవడంలో ఉంది.

మామయ్య పోయి, మా మరిది మేస్త్రీ పనికి పుణె వెళ్లాక అత్తమ్మకు ఇది మొదలైంది. బాధగా ఉందని ఆమె ఏనాడూ అనలేదు. అరికాళ్లు మంట, నీరసం, అన్నం సహించదు, ఇవే చెప్పేది. ఊళ్లో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తే రెండు రోజులు తేలిగ్గా ఉండేది, మళ్లీ మామూలే. పట్నంలో ఈసీజీ, స్కానింగ్, థైరాయిడ్ అన్నీ చేయించాం. గాలి సోకిందని చుట్టాలు తాయెత్తు కట్టించారు. వేలకు వేలు ఖర్చయ్యాయి గానీ "మనసులో ఏముందమ్మా" అని అడిగినవాళ్లు లేరు.

మా స్కూల్లో ఇంకో టీచర్ చెబితే 14416కి ఫోన్ చేశాను. అది 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, మానసిక సమస్యలకు ఫోన్‌లో సలహా చెప్పే హెల్ప్‌లైన్. పైసా ఖర్చు లేదు, రాత్రి కూడా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు. అటువైపు మేడం ఓపిగ్గా విని, ఇది కుంగుబాటు కావచ్చు, జిల్లా ఆసుపత్రిలో డాక్టర్‌కు చూపించండి అన్నారు.

గది ముందు బోర్డు చూడగానే అత్తమ్మ ఆగిపోయింది. "నాకేం పిచ్చి లేదు బిడ్డా, ఇక్కడికెందుకు తెచ్చినవ్?" అంది. డాక్టరమ్మ ఆ మాట విన్నారు. "పిచ్చి అని ఎవరన్నరమ్మా? నిద్ర పడతలేదంట గదా, కూర్చో" అని పక్కనే కుర్చీ వేయించారు. పొద్దున లేవగానే ఎట్లుంటది, ఇదివరకు ఇష్టంగా చేసిన పని ఇప్పుడు చేయబుద్ధయితుందా, చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపించిందా అని ఒక్కొక్కటే అడిగారు. ఆఖరి ప్రశ్నకు అత్తమ్మ ఏడ్చింది. ఒకే ఇంట్లో ఉంటూ నాకు తెలియని సంగతి అక్కడ బయటపడింది. గోళీలు రాసి, పని చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో వికారంగా ఉన్నా ఆపొద్దని, బాగయ్యాక కూడా తాము చెప్పేదాకా వాడాలని మాకు రెండుసార్లు చెప్పారు.

బాగాలేనివి కూడా చెప్పాలి. తలుపు తెరిచే ఉంటుంది, లోపలి మాటలు లైన్లో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తాయి. మాట్లాడి ధైర్యం చెప్పే కౌన్సెలర్ అన్ని రోజులూ ఉండరు. మందులు పదిహేను రోజులకే ఇస్తారు. కూలికి పోయేవాళ్లు పని మానుకుని, బస్సులు మారి, ప్రతిసారీ ఎలా వస్తారు? మాతోపాటు లైన్లో కూర్చున్న ఒకామె ఛార్జీలు లేక రెండు నెలలు మందు ఆపేశానని చెప్పింది. బీపీ, షుగర్ గోళీలు ఊళ్లోకే వస్తున్నాయి కదా, ఇవి ఎందుకు రాకూడదు? నాకున్న పెద్ద కోపం ఇదే.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ 12లో మన రెండు రాష్ట్రాలూ లేవు. మహానగరాల కన్నా పల్లెల్లో తక్కువే కనిపించినా, ఆదాయం తక్కువున్న ఇళ్లలో ఎక్కువ ఉంది. వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్‌తో పడుకున్నవాళ్లలో ఇలాంటివాళ్లు ఎందరున్నారో అని ఇప్పుడు ఊళ్లో ఎవరిని చూసినా అనిపిస్తుంది.

అత్తమ్మ ఇప్పుడు రాత్రి నిద్రపోతోంది, రెండు పూటలా తింటోంది. వెళ్లేవాళ్లు ఆధార్, పాత రిపోర్టులు తీసుకెళ్లండి, పొద్దున్నే చీటీ రాయించుకోండి, డాక్టర్ ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కోండి. గోళీలు ఇంకా నాలుగు రోజులకు సరిపోను ఉండగానే మళ్లీ బయలుదేరండి.