సేఫ్టీ రేజర్‌తో తొమ్మిదేళ్లు: పేరు రేజర్‌ది, పొదుపు కుళాయిది

మొన్న ఆదివారం నా బ్లేడ్ల డబ్బా విప్పాను. పాత టిన్ను డబ్బా అది. మూతకు సన్నగా చీలిక కొట్టి, చుట్టూ టేపు బిగించి, వాడేసిన బ్లేడునల్లా అందులోకి జారవిడుస్తూ వచ్చాను. నిండాక పాత ఇనుములో వేసేద్దామనుకున్నా. అది నిండితే కదా! తొమ్మిదేళ్లయినా ఊపితే గలగలమంటూనే ఉంది. ఉండబట్టలేక టేపు కోసి, గ్లవుజులు తొడుక్కుని, పేపరు మీద పోసి లెక్కపెట్టాను. 275 తేలాయి. దొంతరగా పేరిస్తే నా బొటనవేలి పైకణుపంత ఎత్తు. ఒక్కో బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతే కాబట్టి లెక్క సరిపోయింది. తూకం వేస్తే 170 గ్రాములు.

తొమ్మిదేళ్ల గడ్డాల చెత్త ఇంతే అని చూశాక ఎవరైనా ఈ రేజరుకు ఐదు స్టార్లు ఇచ్చేస్తారు. నేను మూడున్నరే ఇస్తాను.

తెలియనివాళ్లకు ఒక్క మాట. సేఫ్టీ రేజర్ అంటే రెండు వైపులా పదునున్న పల్చటి బ్లేడును పైమూతకూ కింది పలకకూ మధ్య పెట్టి, పిడితో మర బిగించి వాడేది. మన నాన్నల అల్మారాల్లో ఉండేది ఇదే. కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్‌కు దీని మీద పేటెంటు 1904లో వచ్చింది. అంతకుముందు ఏడాది అమ్మకాలు మొదలైనప్పుడు మొత్తం అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. తమాషా ఏమిటంటే, వాడి పారేసి మళ్లీ కొనుక్కునే అలవాటును గడ్డాల్లోకి తెచ్చింది ఈ రేజరే. కత్తిని సానబట్టుకుంటూ ఏళ్లకేళ్లు వాడిన ఆనాటివాళ్లకు ఇది దుబారాగానే కనిపించి ఉంటుంది. తర్వాత 1971లో రెండు బ్లేడ్ల కాట్రిడ్జి (బ్లేడ్లను ప్లాస్టిక్‌లో బిగించి, మొద్దుబారితే మొత్తంగా మార్చేసే తల), 1998లో మూడు, 2006లో ఐదు వచ్చేసరికి ఉక్కు, ప్లాస్టిక్, రబ్బరు విడదీయరాని ముద్దయిపోయాయి. వాటి పక్కన పెట్టి చూస్తే ఆనాటి దుబారాయే ఇవాళ పొదుపులా కనిపిస్తోంది.

నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. ఆ నెల గురించి వీడియోల్లో చెప్పేది తక్కువ. కాట్రిడ్జికి మెడ కదులుతుంది, చర్మానికి అదే సర్దుకుంటుంది. ఇక్కడ ఆ పని మణికట్టుది. బ్లేడు చర్మానికి దాదాపు 30 డిగ్రీల వాలులో ఉండాలంటారు. అద్దం ముందు డిగ్రీలు ఎవరు కొలుస్తారు? నాకు దారి చూపింది చెవి. వాలు కుదిరితే కాగితం చింపుతున్నట్టు సన్నగా కరకరమంటుంది. కుదరకపోతే చప్పుడే ఉండదు, రేజరు ఊరికే జారిపోతుంది. అప్పుడు మనం చేసే తప్పు నొక్కడం. పాత అలవాటు కొద్దీ గడ్డం కింద, దవడ మలుపు దగ్గర నొక్కాను, తెగింది. మర్నాడు ఇంకాస్త జాగ్రత్తగా నొక్కాను, మళ్లీ తెగింది! అసలు నొక్కనే కూడదని, దాని బరువుకు దాన్నే దిగనివ్వాలని బుర్రకెక్కడానికి నాలుగు వారాలు పట్టింది. మొదటిసారి వెంట్రుకల వాటంగా, మళ్లీ నురగ పట్టించి అడ్డంగా, అంతే. పూర్తిగా ఎదురు గీసి చెంపల్ని అద్దంలా చేసుకోవాలన్న కోరిక వదులుకున్నాక మెడ మీద పొక్కులు కూడా తగ్గాయి. తడి పటిక ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి, చిన్న గాట్లకు అది చాలు.

నా మొదటి రేజరు రెండేళ్లకే విరిగింది. పైకి తళతళలాడే క్రోమియం పూత, లోపల జింకులో కాస్త అల్యూమినియం కలిపిన జమాక్ లోహం. పూత ఎక్కడైనా చిట్లి తడి లోపలికి దిగిందంటే ఆ లోహం తినేసుకుపోతుంది. ఒకరోజు బ్లేడు మార్చి పిడి బిగిస్తుంటే పైమూతకున్న మర చివర టప్‌మని విరిగి బేసిన్‌లో పడింది. జీవితకాలం వస్తుందని అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు, ఎత్తినా చేసేదేముందిలెండి. రెండోది పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలు, మొదటిదానికి ఎన్నో రెట్ల ఖరీదు. ఏడేళ్లుగా దానికి చేసిన సేవ అప్పుడప్పుడూ పాత టూత్‌బ్రష్‌తో తోమడమే. కొనేవాళ్లు ఆకారం తర్వాత చూడండి, ఏ లోహమో ముందు అడగండి. ఇత్తడిదైనా మంచిదే.

ఇక అసలు సంగతి. కాట్రిడ్జి వాడినన్నాళ్లూ నా కుళాయి పారుతూనే ఉండేది. అంత నిర్లక్ష్యమా అంటే, కాదు. ఐదు బ్లేడ్ల సందుల్లో ఇరుక్కున్న వెంట్రుకలు, నురగ గట్టి ధార పడితే తప్ప వదిలేవి కావు. సేఫ్టీ రేజర్‌కు అలాంటి ఇరుకు సందుల్లేవు. మగ్గులో ముంచి రెండుసార్లు ఆడిస్తే చాలు. నాకు తెలియకుండానే కుళాయి కట్టేయడం మొదలుపెట్టాను. రెండో ఏడు ఎందుకో అనుమానం వచ్చి కొలిచాను. లీటరు మగ్గు 10 సెకన్లలో నిండింది, అంటే నిమిషానికి 6 లీటర్లు. నా షేవింగ్ 8 నిమిషాలు, అంటే 48 లీటర్లు. ఇప్పుడు రెండు మగ్గులతో సరి. వారానికి మూడుసార్లు గీసుకునే నాకు ఏడాదికి తేడా 7,000 లీటర్ల పైనే.

అవన్నీ గీజరు నీళ్లు. 46 లీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. గీసుకున్న ప్రతిసారీ ఒక యూనిట్, ఏడాదికి 150 యూనిట్లు! ఈ లెక్క వేశాక కాసేపు బేసిన్ దగ్గరే నిలబడిపోయాను. పారేసే కాట్రిడ్జిల పిడికెడు ప్లాస్టిక్ గురించి నేను పడ్డ టెన్షన్ ఎంత, కళ్లముందు కాలవలా పోతున్న వేడినీళ్లు ఎంత! సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, పొదుపు చేసింది కుళాయి, పేరు కొట్టేసింది రేజరు. కాట్రిడ్జి వాడేవాళ్లు కూడా కుళాయి కట్టేసి లోతైన మగ్గులో గట్టిగా ఆడించుకుంటే, ఇందులో చాలా భాగం రేజరు మార్చకుండానే వస్తుంది. నేను స్టార్లు కోసింది అందుకే.

ఇంకో కారణం నా చేతగానితనం. సింపుల్‌గా బతకాలని మొదలుపెట్టినవాణ్ని, మూడో నెలకల్లా నాలుగు రకాల సబ్బులు, రెండు బ్రష్‌లు, బ్రష్ తగిలించే స్టాండు, తొమ్మిది కంపెనీల బ్లేడ్ల శాంపిళ్లు పోగేశాను. ఒక్కో పార్సిల్ విప్పితే అట్ట, బుడగల ప్లాస్టిక్, టేపు. మొదటి రెండేళ్లు పైసా మిగలకపోగా ఎదురు ఖర్చు. సగం వాడిన కాట్రిడ్జిల ప్యాకెట్టును ఉత్సాహంగా చెత్తబుట్టలో పడేసిన మొదటిరోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఉన్నవి అరగదీశాక మారినా ఏ కొంపా మునిగేది కాదు.

సబ్బు సంగతి మాత్రం నిజంగా బాగుంది. బ్యూటేన్, ప్రొపేన్ లాంటి గ్యాసులు నింపిన నురగ డబ్బా పోయి ఒక సబ్బు బిళ్ల వచ్చింది. ఉప్పునీళ్లయితే నురగ నిలవదు, కాల్షియంతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. మరిగించి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు బ్రష్‌కు వాడితే నాకు ఆ బాధ చాలావరకు తీరింది.

ఒక బ్లేడు నాకు ఐదుసార్లు వస్తుంది. ఇంకా లాగొచ్చు అనేవాళ్లున్నారు, నేను లాగను. వెంట్రుక కన్నా ఉక్కు 50 రెట్లు గట్టిది కదా, ఎందుకు మొద్దుబారుతుందో అని చాలాకాలం అనుకునేవాణ్ని. 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద గమనించి చెప్పారు: బ్లేడు మెల్లగా గుండ్రంగా అరగడం ఒక్కటే కాదు, వెంట్రుక ఒంగి పక్కవాటుగా తగిలినచోట అంచు సూక్ష్మంగా చిట్లుతుందట. నేను చేయగలిగిందల్లా స్నానం తర్వాత, వెంట్రుక బాగా నానాక గీసుకోవడం. ఆ తర్వాత బ్లేడును తువ్వాలుతో తుడవను. తుడిస్తే పదును పోతుంది, వేలూ పోతుంది.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. బ్లేడును విమానంలో చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు. నావి ఒకసారి తనిఖీలో తీసేసుకున్నారు, వారం గడ్డంతో తిరిగాను. పెళ్లికో ఇంటర్వ్యూకో పరుగెత్తే ఉదయాలు దీన్ని ముట్టుకోవద్దు. చేతులు వణికేవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టవద్దు. పిల్లలున్న ఇంట్లో రేజరు బేసిన్ గట్టు మీద ఉండకూడదు. జీరో వేస్ట్, అంటే చెత్తే మిగలదు అనే మాట కూడా నేను వాడను. బ్లేడు చుట్టూ మైనం కాగితం ఉంటుంది, దాని చుట్టూ అట్ట, దాని మీద మళ్లీ పల్చటి ప్లాస్టిక్.

లెక్కపెట్టిన బ్లేడ్లన్నీ మళ్లీ అదే డబ్బాలో పోసి కొత్త టేపు వేశాను. ఈసారి నిండేదాకా విప్పను. తుప్పుతో రెండు అతుక్కుపోయి ఉంటే విడదీయబోయాను. గ్లవుజు చిరిగింది, చూపుడువేలికి గాటు పడింది. తొమ్మిదేళ్ల నాటి బ్లేడు పదును ఇంకా బాగానే ఉంది.