మా యూనివర్సిటీ నోటీసుల యాప్: ఉంచుకోండి, కానీ దీన్నే నమ్ముకోవద్దు

పరీక్ష ఫీజు గడువు, హాల్ టికెట్లు, సెలవులు వెంటనే వచ్చేస్తాయి, అక్కడ వంక పెట్టడానికేం లేదు. గొడవంతా ఈవెంట్ల దగ్గరే. సర్క్యులర్‌ని ఫోన్‌తో వంకరగా ఫొటో తీసి పెడతారు, జూమ్ చేస్తే పచ్చ ఇంకు సంతకం స్పష్టంగా కనిపిస్తుంది కానీ సెమినార్ ఏ హాల్లోనో, పేరు ఎవరికివ్వాలో ఉండదు. తెలుగు భాషా దినోత్సవం వ్యాసరచన పోటీ కబురు పోటీ రోజు మధ్యాహ్నం వచ్చింది, అప్పటికి మా బ్యాచంతా ల్యాబ్‌లో ఉంది. చాలా బాధేసింది. ఆగస్టు 29 గిడుగు జయంతి (అదే తెలుగు భాషా దినోత్సవం), సెప్టెంబరు 24 ఎన్ఎస్ఎస్ డే, ఫిబ్రవరి 28 సైన్స్ డే, ఏటా అవే తేదీలు కదా, నెల ముందే చెప్పడానికి ఏం అడ్డం? హాస్టల్ వాళ్లకి మెస్ గోడ మీద పోస్టరైనా కనిపిస్తుంది, రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లకి ఈ యాపే దిక్కు. బయటి ఫెస్టుల ఊసే ఉండదు, వరంగల్ నిట్ టెక్నోజియాన్, స్ప్రింగ్‌స్ప్రీ తేదీలు కూడా సీనియర్ల వాట్సాప్ గ్రూపులోనే తెలిశాయి. యాప్ మాత్రం తేలిక, పాత ఫోన్లోనూ ఆగకుండా నడుస్తుంది. కొత్తగా చేరినవాళ్లు నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకుని, మొదటి వారంలోనే సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని) అడిగి డిపార్ట్‌మెంట్ గ్రూపులో చేరిపోండి. ఐదుకి మూడు.