ప్రాంతీయ గ్లైడింగ్ పోటీ: తేలని రోజుల్లోనే అసలు పరీక్ష

ప్రాంతీయ గ్లైడింగ్ పోటీకి పేరివ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్న పైలట్ల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, ఈ సీజన్‌లో నేను క్లబ్ క్లాసులో (పాత, మామూలు గ్లైడర్ల విభాగం) ఎగిరిన పోటీకి ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను, అదీ షెడ్యూల్లో ఉన్న రోజుల్లో సగానికి పైగా వానకో మబ్బుకో పోయాక. "వాన పడితే నిర్వాహకులు మాత్రం ఏం చేస్తారు" అనే మాట ప్రతి పోటీలోనూ వినపడుతుంది. నాకు ఆ మాట నచ్చదు. వానని ఎవరూ ఆపలేరు గానీ, వాన వస్తుందో రాదో తేలని రోజుని ఎలా నడపాలన్నది పూర్తిగా వాళ్ళ చేతిలోనే ఉంటుంది. మంచి క్యుములస్ మబ్బులు (దూది గుట్టల్లాంటివి) కట్టిన రోజు ఏ పోటీ అయినా దానంతట అదే నడిచిపోతుంది, డైరెక్టర్ సత్తా ఏమిటో ఆ రోజు తెలియదు. అందుకే ఈ పోటీకి నేను మార్కులు వేసింది ఆ తేలని రోజులు చూసి.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంజిన్ లేకుండా ఎగిరే గ్లైడర్‌ని టగ్ విమానం తాడుతో లాగి సుమారు 600 మీటర్ల ఎత్తులో వదిలేస్తుంది. అక్కడినుంచి మనకున్న ఇంధనమల్లా ఎండకి వేడెక్కిన నేల మీంచి లేచే గాలే. ఆ థర్మల్‌లో గిరికీలు కొట్టి ఎక్కడం, ఎక్కిన ఎత్తుని ఖర్చుపెట్టి ముందుకి పోవడం, మళ్ళీ ఇంకో థర్మల్ వెతుక్కోవడం. అలా వందల కిలోమీటర్లు చుట్టి వచ్చినవాళ్ళలో ఎవరి సగటు వేగం ఎక్కువో ఆ రోజు వాళ్ళది. పైన సిర్రస్ అనే పల్చటి మబ్బు పొర కొంచెం దట్టంగా కప్పినా చాలు, నేల వేడెక్కదు, అంతటితో ఆట ఆగిపోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పొద్దున జరిగే మెట్ బ్రీఫింగ్, అంటే ఆ రోజు వాతావరణం ఎలా ఉంటుందో చెప్పే సమావేశం. ఇప్పుడు ప్రతి పైలట్ ఫోన్‌లో తన ఫోర్‌కాస్ట్ చూసుకునే వస్తాడు. జాక్ గ్లెండెనింగ్ తయారుచేసిన రాస్ప్ మ్యాపులు కొందరికి, స్కైసైట్ కొందరికి, టాప్‌మెటియో ఇంకొందరికి. అవే మ్యాపులు తెర మీద పెట్టి చదివేసి వెళ్ళిపోయే మెట్ మనిషి మనకి అక్కర్లేదు, ఆ పని మనమే చేసుకోగలం. ఇక్కడ మెట్ చూసిన ఆవిడ అలా చేయలేదు. పొద్దున వదిలిన బెలూన్ పంపిన కొలతలతో గీసిన చార్టు పెట్టి, ఉష్ణోగ్రత గీతనీ డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) గీతనీ పక్కపక్కన చూపిస్తూ మొదలుపెట్టేవారు. ఒక రోజు లెక్క ఇలా ఉంది: మధ్యాహ్నానికి నేల దగ్గర 24 డిగ్రీలు, డ్యూ పాయింట్ 12, తేడా 12, డిగ్రీకి 125 మీటర్ల చొప్పున క్లౌడ్‌బేస్ (మబ్బు అడుగు) 1500 మీటర్లు. వినడానికి హాయిగా ఉంది. అప్పుడావిడ పెన్ను కొసని ఇన్వర్షన్‌కి (పైకి పోయేకొద్దీ గాలి చల్లబడకుండా వేడెక్కే పొర) సరిగ్గా కింద ఒకచోట ఆపారు. అక్కడ రెండు గీతలూ దాదాపు అంటుకుని ఉన్నాయి, అంటే ఆ పొర నిండా తేమే. "లేచిన మబ్బులు ఇక్కడికొచ్చి ఆగిపోయి పక్కలకి పరుచుకుంటాయి, మధ్యాహ్నం రెండు దాటాక నేలకి ఎండ తగలదు, మళ్ళీ ఎప్పుడు విడిపోతుందో మాత్రం నేను చెప్పలేను" అన్నారు. ఎంతవరకు నమ్మకముందో, ఎక్కడినుంచి లేదో అలా విడదీసి చెప్పే మనిషి దొరకడం పైలట్‌కి పెద్ద అదృష్టం. డైరెక్టర్ ఆ మాట విని లాంచ్‌ని అనుకున్నదానికంటే ముందే పెట్టి, చిన్న టాస్క్ (ఆ రోజు చుట్టి రావాల్సిన దారి) ఇచ్చారు. వెంటనే స్టార్ట్ తీసుకున్నవాళ్ళు ఇంటికొచ్చారు. ఇంకా మంచి గాలి వస్తుందేమోనని ఆగినవాళ్ళ మీద మబ్బు పరుచుకుంది.

గ్రిడ్ మీద వెయిటింగ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పోటీలో ఎక్కువ సమయం గడిచేది అక్కడే. గ్లైడర్లన్నీ రన్‌వే మీద వరసల్లో, రెక్కల అతుకులకి టేపులు, కానపీల (కాక్‌పిట్ మీది అద్దపు మూతలు) మీద తెల్ల గుడ్డలు, టోపీలు పెట్టుకుని తల పైకెత్తి చూస్తున్న జనం. ముందుగా ఒక గ్లైడర్‌ని పైకి పంపుతారు, దాన్ని స్నిఫర్ అంటారు. అది నిలబడితే లాంచ్, పది నిమిషాల్లో కిందికొచ్చేస్తే మళ్ళీ వెయిటింగ్. ఇక్కడ డైరెక్టర్ ప్రతి అరగంటకీ రేడియోలో మాట్లాడేవారు, "ఫలానా టైముకి మళ్ళీ చెప్తాను, అప్పటిదాకా లాంచ్ లేదు" అని. ఆ ఒక్క వాక్యం విలువ ఎండలో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. వెళ్ళి నీడలో కూర్చోవచ్చు, నీళ్ళు తాగొచ్చు, కాసేపు కళ్ళు మూసుకోవచ్చు. అంతకుముందు వేరే పోటీలో ఒక ముక్క చెప్పకుండా సాయంత్రం దాకా గ్రిడ్ మీదే ఉంచి, చివరికి రద్దు అన్నారు. అలసిపోయిన పైలట్‌ని మర్నాడు ఎన్నో గ్లైడర్లు ఒకేచోట తిరిగే గుంపు థర్మల్‌లోకి పంపడం ప్రమాదం కూడా, కేవలం విసుగు సంగతి కాదు.

టాస్క్ ఎంపిక దగ్గరే ఒక మార్కు తగ్గించాను. ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను. సందేహంగా ఉన్న రోజుల్లో ఎక్కువగా ఏఏటీ (అసైన్డ్ ఏరియా టాస్క్) ఇచ్చారు. అంటే ఒక్కో మలుపు దగ్గర ఒక బిందువు కాకుండా పెద్ద వృత్తం ఇస్తారు, దాంట్లో ఎంత లోపలిదాకా వెళ్ళాలో పైలట్ ఇష్టం, కనీస సమయం మాత్రం పూర్తి చేయాలి, ముందే వచ్చేస్తే వేగాన్ని ఆ కనీస సమయం మీదే లెక్కగడతారు. వాన ఒక పక్క నుంచి వస్తుంటే ఆ పక్క వృత్తాన్ని అంచున తాకి వచ్చేయొచ్చు, బాగున్న పక్క లోపలికి పోవచ్చు. వాతావరణం మీద నిర్ణయం కాక్‌పిట్‌లో ఉన్నవాడి చేతికి వస్తుంది. చూస్తున్నది వాడే కదా.

కానీ ఒక రోజు మధ్యాహ్నానికి జల్లుల వరస వస్తుందని మెట్ బ్రీఫింగ్‌లో స్పష్టంగా చెప్పినా, ప్రత్యామ్నాయంగా చేతిలో చిన్న టాస్క్ బి సిద్ధంగా ఉన్నా, మొదట ఇచ్చిన 'టాస్క్ ఏ'ని మార్చలేదు. అది మలుపులు ఖరారైన రేసింగ్ టాస్క్, రెండో మలుపు సరిగ్గా ఆ జల్లుల దారిలో ఉంది. క్లాసులో దాదాపు అందరం పొలాల్లో దిగాం. రెక్క మీద వాన నీళ్ళు పడితే గ్లైడ్ (ఉన్న ఎత్తుతో పోగల దూరం) ఎంత పడిపోతుందో తెలిసిన డైరెక్టర్ అలా ఎందుకు చేశారో నాకిప్పటికీ అర్థం కాలేదు. ప్రపంచ వాయు క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ నిబంధనల ప్రకారం లాంచ్ అయినవాళ్ళలో 25 శాతానికి మించి కనీసం 100 కిలోమీటర్లు ఎగిరితే ఆ రోజు లెక్కకొస్తుంది, కాబట్టి వచ్చింది. అయితే దాదాపు ఎవరూ పూర్తి చేయకపోతే గరిష్ఠంగా 1000 పాయింట్లుండే రోజు విలువ బాగా పడిపోతుంది. అంతమంది గ్లైడర్లు తెచ్చుకోవడానికి ట్రెయిలర్లు పట్టుకుని రాత్రిదాకా తిరిగినందుకు వచ్చింది కొన్ని పాయింట్లు.

పొలంలో దిగడం ఈ ఆటలో మామూలు విషయమే, దానికి భయపడి పోటీకి రాకుండా ఉండకండి. నేనైతే 300 మీటర్లకి వచ్చేసరికి థర్మల్ సంగతి వదిలేసి పొలం మీదే దృష్టి పెడతాను. కోత అయిన పొలమైతే మంచిది. వాలు ఉందా, గాలి ఎటు, పశువులున్నాయా, చివర చెట్లెంత ఎత్తు. కరెంటు తీగలు పైనుంచి కనపడవు, స్తంభాలు కనపడతాయి, కాబట్టి స్తంభాల వరసలు చూసుకోవాలి. ఆ రోజు దిగిన వెంటనే నా లొకేషన్ కంట్రోల్ రూమ్‌కి పంపితే, అందిందని నిమిషంలో జవాబు వచ్చింది. ఈ పోటీలో దానికి పూర్తి మార్కులు. అందరి పేర్లూ రాసిన బోర్డు పెట్టుకుని, ఒక్కొక్కరూ క్షేమంగా దిగారని తేలేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నారట, చివరి ట్రెయిలర్ తిరిగి వచ్చేదాకా అక్కడ లైటు ఆర్పలేదని మా క్రూ చెప్పింది. మీరు పోటీ ఎంచుకునేటప్పుడు ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే, రిట్రీవ్ డెస్క్ (బయట దిగినవాళ్ళ సంగతి చూసే చోటు) ఎవరు చూస్తారు, ఎంతసేపు ఉంటారు అని.

ఉరుముల రోజు గురించి కూడా రాయాలి. మధ్యాహ్నం 12 గంటలకే రద్దు చేశారు, అప్పటికి ఎండ దంచుతోంది. కొందరు గట్టిగానే గొణిగారు. గాలి అస్థిరంగా ఉంది, మబ్బులు ఆగకుండా ఎత్తుకి పెరిగిపోతాయి అని మెట్ ఆవిడ చెప్పింది చెప్పినట్టే జరిగి, సాయంత్రం నాలుగు దాటాక ఆకాశం నల్లబడింది. 1926లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ దగ్గర గ్లైడర్ పైలట్ మాక్స్ కెగెల్‌ని ఉరుముల మబ్బు లాక్కుపోయి 55 కిలోమీటర్ల అవతల దింపింది, అప్పటికి అది గొప్ప దూరం. ఆయన బతికి బయటపడ్డాడు కాబట్టి అందరం ఆ కథ ఇష్టంగా చెప్పుకుంటాం. గ్రిడ్ నిండా గ్లైడర్లున్న డైరెక్టర్ ఆ అదృష్టం మీద ఆధారపడకూడదు. ఎండలో రద్దు చేయడానికి ధైర్యం కావాలి, ఆయన చేశారు, నాకు చాలా గౌరవం కలిగింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. స్కోరింగ్ బాగుంది, లాగర్ (ఫ్లైట్ దారిని రికార్డు చేసే పరికరం) ఫైలు ఇచ్చిన గంటలోపే తాత్కాలిక ఫలితాలు వచ్చేవి. గుంపు థర్మల్స్ గురించి సేఫ్టీ బ్రీఫింగ్ గట్టిగా చేశారు, ఫ్లార్మ్ (దగ్గరికొచ్చే గ్లైడర్ల గురించి హెచ్చరించే పరికరం) ఉంది కదా అని బయటికి చూడటం మానొద్దని పదేపదే చెప్పారు, చెప్పాల్సిందే. ఎగరని రోజుల్లో అనుభవమున్న పైలట్లు తమ పాత ఫ్లైట్లు తెర మీద నడిపించి వివరించారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ థర్మల్ వదిలేశారు, ఎందుకు అని. కొత్తవాళ్ళకి అదొక్కటే ఎంట్రీ ఫీజుకి సరిపడా.

బాగాలేనిది టగ్‌ల సంఖ్య. బలహీనమైన రోజున లాంచ్ అయ్యాక నిలబడలేక తిరిగొచ్చినవాళ్ళు మళ్ళీ లాంచ్ కోసం వరస చివర నిలబడాలి, ఆ లోపల ఉన్న కాస్త మంచి సమయమూ అయిపోతుంది. క్లాసులో చివరి గ్లైడర్ లేచాకే కాసేపు ఆగి స్టార్ట్ తెరుస్తారు కాబట్టి మొదటి లాంచ్‌లో అన్యాయం లేదు, రీలైట్ (మళ్ళీ లాంచ్) దగ్గరే వస్తుంది చిక్కు. మంచి వాతావరణంలో ఈ లోపం ఎవరికీ కనపడదు.

ఎవరికి సరిపోతుందంటే, క్రాస్ కంట్రీ చేస్తూ, పొలంలో దిగడం నేర్చుకుని, పోటీలో ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్ళకి. క్లబ్ క్లాసులో హ్యాండిక్యాప్ (గ్లైడర్ సామర్థ్యాన్ని బట్టి స్కోరు సర్దుబాటు) ఉంటుంది, పాత గ్లైడర్ అని వెనకాడక్కర్లేదు. ఒక్క సలహా, మెట్ బ్రీఫింగ్‌ని మీ మెక్‌క్రెడీ సెట్టింగ్‌గా (థర్మల్స్ మధ్య ఎంత వేగంతో పోవాలో తేల్చే అంకె) మార్చుకోవడం అలవాటు చేసుకోండి. 1956లో ప్రపంచ ఛాంపియన్ అయిన పాల్ మెక్‌క్రెడీ చెప్పిన సూత్రమంతా ముందున్న థర్మల్ ఎంత బలంగా ఉంటుందన్న అంచనా మీదే నిలబడి ఉంది. మధ్యాహ్నం మబ్బు పరుచుకుంటుందని పొద్దునే విన్నవాడు ఆ టైముకి సెట్టింగ్ తగ్గించి, ఎత్తు కాపాడుకుంటూ, దొరికిన చిన్న థర్మల్‌ని కూడా వదలడు. విననివాడు నిన్నటి వేగంతోనే పోయి దిగిపోతాడు. ప్రతి తేలని రోజూ స్కోరు షీట్‌లో ఈ తేడా కళ్ళకి కట్టినట్టు కనపడింది.

నేను మళ్ళీ పేరిస్తాను. మెట్‌కి అదే మనిషిని పిలవమని, జల్లులున్న రోజు రేసింగ్ టాస్క్ పెట్టొద్దని, రీలైట్ల కోసం ఇంకో టగ్ చూడమని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చాను. డైరెక్టర్ అక్కడే చదివి, టాస్క్ ఏ మార్చకపోవడం గురించి పైలట్లందరితో మాట్లాడదామని అదే సాయంత్రం మీటింగ్ పెట్టారు.